బయట అన్న కట్టాడు సార్

మా యూనివర్సిటీ చిన్నది. తగరపువలస దాటాక హైవే మీంచి రెండు కిలోమీటర్లు లోపలికి, మూడు భవనాలు, ఒక క్యాంటీన్. నేను చదివే రోజుల్లో అటువైపు కంపెనీలు తొంగి చూసేవి కావు. రెండు వేల ఎనిమిదిలో హైదరాబాద్ నుంచి మా కంపెనీ తరఫున పిల్లల్ని ఇంటర్వ్యూ చేయడానికి నేనే వెళ్ళాను. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ రోజారమణి గారు గేటు దగ్గరే పూలగుత్తి చేతికిచ్చి, "సుమంత్ గారు, మన పూర్వ విద్యార్థి" అని అందరికీ చూపించారు. నేను తల దించుకున్నాను. అది వినయం అనుకున్నారు.

ఇంటర్వ్యూ గది ఏమీ మారలేదు. మొదటి అంతస్తులో చివరిది. ముందు తలుపు వరండాలోకి తెరుచుకుంటుంది, అక్కడ పిల్లలు కూర్చునే చెక్క బల్ల ఉంది. వెనక తలుపు తీస్తే కిందికి ఇనప మెట్లు. ఆ వెనక తలుపు సంగతి ముందు చెప్పెయ్యాలి. అది అప్పటికి ఏడేళ్ళ కిందటిది, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా బ్యాచ్‌కి వచ్చింది ఒక్కటే కంపెనీ. టై లేనివాళ్ళు లోపలికి రావద్దన్నారు. మా హాస్టల్ మొత్తానికి ఉన్నది ఒకటే టై, అది దుర్గారావుది. భీమిలి ఒడ్డున జాలరి కుటుంబం వాడిది. వాళ్ళమ్మ నూకాలు పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి కొనుక్కొచ్చింది, నీలం మీద తెల్ల చుక్కలు. టై కట్టడం మాలో ఎవడికీ రాదు. దుర్గారావు తనకి వచ్చిన ముడే వేశాడు, వల తాడుకి వేసేది. లావుగా ఉండేది, ఎడమ పక్క చెవిలా ఒక మడత బయటికి వచ్చేది. ఆ ముడి విప్పకుండా వదులు చేసి, ఒకడు బయటికి రాగానే ఇంకొకడు మెడలో వేసుకుని లోపలికి వెళ్ళాం.

చివరికి ఇద్దరం మిగిలాం. ముందు నేను, తరవాత దుర్గారావు. తన టై తనే నా మెడలో వేసి కాలర్ సర్దాడు.

"బేగి వచ్చీ బావా. నాను ఇక్కడే కూకుంటాను."

లోపల నాకు బాగానే జరిగింది. చివర్లో ఇంటర్వ్యూ చేసిన పెద్దమనిషి, "ఒక్క ఖాళీయే మిగిలింది. ఆ రెండో అబ్బాయిని కూడా చూసి చెబుతాం" అన్నాడు. ఆ రెండో అబ్బాయికి నాకంటే మార్కులెక్కువ, తెలివీ ఎక్కువే. ఇంట్లో ఇబ్బందులు అందామంటే, వాడివి నావాటికంటే పెద్దవి. సాకు చెప్పుకోవడానికి నాకేమీ లేదు.

నేను వెనక తలుపు తీసి మెట్లు దిగిపోయాను. నీళ్ళ ట్యాంకు చాటున గంటసేపు కూర్చున్నాను, మెడలో వాడి టైతోనే. పైన వాడిని మూడుసార్లు పిలిచారట. మూడుసార్లూ "టై వత్తంది సార్" అన్నాడట. కంపెనీవాళ్ళు కారెక్కి వెళ్ళిపోయారు. కడుపునొప్పి వచ్చి వెనక నుంచి పరిగెత్తానని సాయంత్రం వాడికి అబద్ధం చెప్పాను.

"పర్లేదు బావా. ఇంకో కంపెనీ వత్తాదిలే" అన్నాడు.

ఇంకో కంపెనీ రాలేదు. రెండు నెలలకి వాడు మావయ్యతో పడవ మీద వేటకి వెళ్ళాడు. కెరటానికి పడవ తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకొచ్చారు, వాడు మాత్రం దొరకలేదు. ఆ కబురు వచ్చేసరికి నేను హైదరాబాద్‌లో, తిరిగివ్వని వాడి టై కట్టుకుని ఉద్యోగంలో చేరి వారమైంది.

సరే, ఇక నేను ఇంటర్వ్యూ చేయడానికి వెళ్ళిన రోజు సంగతి. మధ్యాహ్నం మూడు దాటాక వాన పట్టుకుంది. కరెంటు పోయింది. గదిలో కిటికీ వెలుతురు తప్ప ఏమీ లేదు. గోడల చెమ్మ వాసన అనుకున్నాను మొదట. కాదు... తడి తాడు వాసన. నాచు వాసన.

అప్పుడే లోపలికి వచ్చిన కుర్రాడి మెడ మీద నా చూపు ఆగింది. లావు ముడి. ఎడమ పక్క చెవిలా మడత.

"ఈ టై ఎవరు కట్టారు నీకు?"

"బయట అన్న కట్టాడు సార్."

"ఏ అన్న?"

"తెలీదు సార్. సీనియర్ అనుకుంటన్నాను. బల్ల మీద కూకున్నాడు. మాకెవరికీ కట్టడం రాదని ఒక్కొక్కడికీ కట్టి పంపుతన్నాడు."

నేను ఏం ప్రశ్నలు అడిగానో గుర్తులేదు. అతను వెళ్ళాడు, ఇంకొకడు వచ్చాడు. అదే ముడి. కాలర్ నుంచి గుండీల దాకా చొక్కా తడిసి ఉంది.

"వానలో తడిశావా?"

"లేదు సార్... ఆ అన్న చేతులు తడి."

పెన్ను కింద పెట్టాను. అడగకూడదని తెలిసీ అడిగాను.

"అతను టై కట్టుకోలేదా?"

"లేదు సార్. తనది లోపలుందన్నాడు."

ఆఖరివాడు అప్పలరాజు. వాడి కాగితాలు కూడా తడిసిపోయాయి. ఇంటర్వ్యూ అయిపోయినా లేవలేదు. గొంతు తగ్గించి అడిగాడు.

"సార్... ఇంకా ఖాళీ ఉందేమో అడగమన్నాడు."

"ఎవరు?"

"ఆ అన్నే."

ఐదుగురిని తీసుకోమని కంపెనీ చెప్పింది. అప్పటికి నేను రాసింది నాలుగు పేర్లు. ఖాళీ ఉంది. బయట బల్ల కిర్రుమంది... ఎవరో కాస్త ముందుకి జరిగి వింటున్నట్టు. టప్... టప్... నీళ్ళ చుక్కలు. తలుపు కింద నుంచి సన్నటి తడి గచ్చు మీదికి పాకుతోంది. లేచి నాలుగడుగులు వేసి తలుపు తీస్తే చాలు. తప్పు చేశాను రా అంటే చాలు.

"లేదని చెప్పు" అన్నాను. నాకే వినపడనంత మెల్లగా.

అప్పలరాజు వెళ్ళాడు. బయట ఏవో రెండు మాటలు. నేను ఆగలేదు. వెనక తలుపు తీసి, ఇనప మెట్లు పట్టుకుని, ఏడేళ్ళ కింద దిగినట్టే దిగిపోయాను. ముప్పై ఏళ్ళ మనిషిని, కంపెనీ బ్యాడ్జి మెడలో ఉన్నవాణ్ణి, దొంగలా పరిగెత్తి కారెక్కాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా మొహం మండుతోంది.

కారు తగరపువలస జంక్షన్ దాటుతుండగా ఫోన్ మోగింది. రోజారమణి గారు.

"చెప్పకుండా వెళ్ళిపోయారేటి సార్? ఇక్కడ ఒకబ్బాయి బల్ల మీంచి లేవట్లేదు. లిస్టులో పేరు లేదు. పాపం, ఒళ్ళంతా తడిసిపోయి ఉన్నాడు. మీకు తెలిసినవాణ్ణే అంటున్నాడు. ఏం చెప్పమంటారు?"

వస్తున్నానని చెప్పండి. ఆ ఒక్క మాట నోటి దాకా వచ్చింది. డ్రైవర్ అద్దంలో నన్ను చూస్తున్నాడు.

"నాకు... తెలీదండీ. అతనెవరో నాకు తెలీదు."

"తెలీదంటున్నారు బాబూ" అని ఆవిడ పక్కకి చెప్పడం వినిపించింది. తరవాత ఫోన్లో వాన చప్పుడు కూడా ఆగిపోయింది.

"లేచాడు సార్" అన్నారు చివరికి, గొంతు బాగా తగ్గించి. "మీ గదిలోకి వెళ్ళాడు. వెనక తలుపు తీశాడు... మెట్లు దిగుతున్నాడు."

ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే కూర్చున్నాను. నా చెవిలో ఇనప మెట్ల మీద తడి కాళ్ళు... ఒకటి... ఒకటి... తీరిగ్గా దిగుతున్నాయి.

"సార్..." ఆవిడ అడిగారు. "ఆ అడుగుల చప్పుడు ఇక్కడిది కాదు సార్. మీ వైపు నుంచి వినిపిస్తోందేటి?"