ఐదు ముద్రల డిగ్రీ

"సార్, నేను దొంగ సర్టిఫికెట్ కొన్నానంటాండారు."

లూదియా కూర్చోకుండానే ఆ మాట అనేసి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. నంద్యాల సంజీవనగర్‌లో ఒక మందుల షాపు పైన ఉంది జయప్రకాష్ డిటెక్టివ్ ఆఫీసు. పేరు గొప్పే గానీ, అక్కడికి వచ్చేవాళ్ళలో ముప్పాతికమంది పెళ్ళికొడుకు తాగుతాడా లేదా కనుక్కోమనేవాళ్ళే. అయినా సహాయకురాలు మానసకు ఆయన మీద వల్లమాలిన గురి. ఈయన కంటబడ్డాక నిజమన్నది దాక్కోలేదని ఆమె నమ్మకం.

మానస మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టాక అసలు సంగతి బయటికొచ్చింది. లూదియాది ఆళ్ళగడ్డ. నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో గుమస్తా. ఎంబీఏ ఉంటే పరిపాలనాధికారి ఉద్యోగం ఇస్తామన్నారని, పని చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో చదివి పాసైంది. తీరా చూస్తే, ఆ డిగ్రీకి మన దేశంలో గుర్తింపే లేదు. కొత్త ఉద్యోగం మాట దేవుడెరుగు, ఉన్నది కూడా ఊడేటట్టుంది.

"సోమవారానికల్లా రాజీనామా ఇమ్మంటాండాడు మా ప్రిన్సిపాల్ మహేశ్వర్ సారు. నా జీతంతోనే ఇల్లు నడుస్తాండాది. నాయనకు సేద్యం పని చేసే ఓపిక లేదు."

"తెలియక మోసపోయానని చెప్పకపోయావా అమ్మా?" అన్నాడు జయప్రకాష్.

"అదే సార్ చిక్కు. నాకు తెలుసు."

చేరకముందు ఆమె మూడు బిజినెస్ స్కూళ్ళను పోల్చి, ఏది మంచిదో చెప్పమని ఆ ప్రిన్సిపాల్‌కే చూపించిందట. మొదటిది విదేశీ స్కూలు, ప్రపంచమంతా ఒప్పుకునే ఏఏసీఎస్‌బీ గుర్తింపు ఉంది, ఫీజు మాత్రం అందదు. రెండోది ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సు, యూజీసీ అనుమతి ఉంది. మూడోది క్రెస్ట్‌విన్ బిజినెస్ స్కూలు. దాని బ్రోచర్ మీద ఐదు సంస్థల బంగారు ముద్రలున్నాయి. ఆ ఐదింటికీ అడ్రసు ఒకటేనని లూదియాయే కనిపెట్టింది. 'వద్దు' అని ఎర్రగా రాసింది. చివరికి పోయిపోయి దాంట్లోనే చేరింది!

"ఇంత తెలిసీ ఎందుకమ్మా?"

"దేవుడిచ్చినాడు సార్."

మానస పెన్ను ఆగిపోయింది. లూదియా తల దించుకుని చెప్పుకొచ్చింది. వాళ్ళ చర్చిలో కొత్త సంవత్సరం ప్రార్థనలో బైబిల్ వాక్యాలు రాసిన కార్డులు పళ్ళెంలో పెడతారు. ఎవరికి ఏ కార్డు వస్తే అదే వాళ్ళకు ఆ ఏటి వాగ్దానం. ఆ కార్డులు రాసేది ఆమె తండ్రి కొండయ్య, సంఘపెద్ద. పెళ్ళి సంబంధమైనా, స్థలం కొనడమైనా, తేలకపోతే ఆ ఊళ్ళో ఇలాగే చీటీలు వేసి దేవుణ్ణి అడుగుతారు. లూదియాకు రెండోది ఇష్టం. కొండయ్యకు క్రెస్ట్‌విన్ నచ్చింది. సరే, ఇంట్లో ప్రార్థన పెట్టి మూడు పేర్లూ పళ్ళెంలో వేశారు. క్రెస్ట్‌విన్ వచ్చింది.

"అజయ్ కుమార్ అని మా చర్చి అన్నే ఈడ నంద్యాలలో ఆన్‌లైన్ కోర్సుల సెంటర్ పెట్టినాడు. కమీషన్ కోసం ఆయనే ఏందో చేసినాడు సార్. మోసం ఇంకొకరిదని తేలితే నన్ను పనిలో ఉండనిస్తానన్నాడు ప్రిన్సిపాల్."

అజయ్ కుమార్ సెంటర్లో ఏసీ గదీ, తియ్యటి మాటలూ ఉన్నాయి, సిగ్గు మాత్రం లేదు. "ముద్రలు నేను కొట్టినానా సార్? కంపెనీ పంపిన బ్రోచర్ చూపించినా. ఒకటికంటే ఐదు ఎక్కువే కదా అన్నా పెద్దాయనతో. అందులో అబద్ధమేముంది?"

"చీటీల రోజు మీరక్కడే ఉన్నారు."

"యాడ సార్! శిరివెళ్ళ కాడ బండి పంక్చరైంది. నేను పోయేతలికి ప్రార్థన అయిపోయి అన్నాలు పెడతాండిరి."

ఈ మాట అబద్ధమైతే ఎంత బాగుండునో! ఆళ్ళగడ్డ వెళ్ళి పాస్టర్ ఎడ్విన్‌ను అడిగితే నిజమేనన్నాడు. పాస్టర్ మర్యాదస్తుడు. కొత్త సంవత్సరం కార్డుల గురించి కూడా ఓపిగ్గా చెప్పాడు.

"మిగిలిన కార్డులు ఏం చేస్తారు?" అని అడిగాడు జయప్రకాష్.

"పారెయ్యం సార్. మంచాన పడినోళ్ళకు, ప్రార్థనకు రాలేనోళ్ళకు ఇండ్లకు తీసకపోయి ఇస్తాడు కొండయ్యన్న. వాక్యాన్ని నేల మీద పడనియ్యడు ఆయన."

కొండయ్య ఇల్లు పక్క వీధిలోనే. ఆయన మెడలో దారం కట్టిన కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. ఆయన భార్య పద్మమ్మ టీ ఇచ్చి, అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పింది.

"చీటీలు మా ఆయప్పే రాసినాడు. లూదియా కండ్లు మూసుకొని ఒకటి తీసి వాళ్ళ నాయన చేతికిచ్చె. ఆయన పైకి చదివె. పిల్ల మొగం వాడిపాయ. ఆమీట బైబిల్ చదవాల కదా, అద్దాలు యాడ పెట్టినావే అని నామీద అరుస్తాండాడు! వంటింటి గూట్లో ఉంటే తెచ్చిస్తి. అప్పుటికింకా దారం కట్టలేదు."

"మిగతా రెండు చీటీలు?"

"పొయ్యిలో ఏసినాలేప్పా," అన్నాడు కొండయ్య. "దేవుడొకటి ఇచ్చినాక తతిమావి దేనికి?"

జయప్రకాష్ టీ తాగేసి లేచాడు. తిరుగు బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

"అజయ్ కాదా సార్?" అంది మానస.

"అతనైతే బాగుండేదమ్మా."

సోమవారం ఉదయం ప్రిన్సిపాల్ గదిలో అందరూ చేరారు. లూదియా, ఆమె తల్లిదండ్రులు, పాస్టర్ ఎడ్విన్ ఒకవైపు. అజయ్ కుమార్ గోడవారగా ఫోన్ చూసుకుంటున్నాడు. మహేశ్వర్ బల్ల మీద తెల్లకాగితం ఒకటి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"ఈ అమ్మాయి డిగ్రీ కొనలేదు," అని మొదలుపెట్టాడు జయప్రకాష్. "దేవుడి మాట అనుకుని చదివింది. ఆ మాట దేవుడిది కాదు. పళ్ళెంలో ఉన్న మూడు చీటీల మీదా ఒకటే పేరుంది. ఏది తీసినా క్రెస్ట్‌వినే."

లూదియా గిర్రున అజయ్ వైపు తిరిగింది.

"అతను కాదమ్మా. అతను చేరేసరికి అంతా అయిపోయింది. మీ చర్చిలో మిగిలిన కార్డును కూడా మీ నాయన ఎప్పుడూ పారెయ్యడు. ఆ రోజు మాత్రం రెండు చీటీలు ఎవరూ విప్పకుండానే పొయ్యిలోకి పోయాయి. ఇంకొకటి. అద్దాలు లేనిదే బైబిల్ చదవలేని మనిషి, అద్దాలు పెట్టుకోకుండానే చీటీ చదివేశాడు. అందులో ఏముందో ముందే తెలిసినవాడికి చదవాల్సిన పనేముంది?"

కొండయ్య మెల్లగా లేచాడు. పాపం, దాచుకుందామనే ఆలోచన కూడా లేదు ఆ మనిషికి.

"నేనే సార్. బిడ్డ మెచ్చినదానికి ఒక్క ముద్ర, దీనికి ఐదు. బిడ్డేమో వద్దంటాండె. దేవుని మీద ఏద్దాం రామ్మా అంటి. ఆమీట చీటీలు రాస్తాంటే నాకు భయమేసింది. వానలు, రోగాలు, బిడ్డలు, అయ్యన్నీ ఆయనకు తెలుసు. ఈ ఎంబీఏలు, ఈ గుర్తింపులు ఆయనకు తెలుస్తాయో లేదో అని..."

మహేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. మనిషి కఠినుడే గానీ రాయి కాదు. "ఇదే మాట రాసి సంతకం పెట్టండి పెద్దాయనా. కాలేజీ కమిటీ ముందు పెడతాను. అమ్మాయి పాత పనిలోనే ఉంటుంది."

"ఈడనే పెడతా సార్," అంటూ కొండయ్య పెన్ను కోసం చెయ్యి చాపాడు.

అంతలో పాస్టర్ ఎడ్విన్ నోట మాట జారింది. "మరి ఇన్నేండ్లూ నీ చేత్తో రాసిన కార్డులు, అన్నా? ఊళ్ళో ప్రతి ఇంట్లో గోడకుండాయే. అయ్యి గూడా..."

కొండయ్య మొహం చూడాలంటే మానసకే భయం వేసింది. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"చీటీలు నేనే రాసినా," అంది లూదియా.

జయప్రకాష్ ఉలిక్కిపడ్డాడు. ఎన్ని కేసులు చూసినా ఇలాంటిది ఆయనకు ఎదురుకాలేదు.

"నాయన నన్ను కాపాడాలని చెప్తాండాడు సార్. క్రెస్ట్‌విన్ పరీక్షలు సులభమని నేనే మూడిట్లోనూ ఆ పేరు రాసుకున్నా. ఆయన రాసిన కార్డుల్లో మోసమేమీ లేదు పాస్టరుగారూ."

"లేదు తల్లీ! అబద్ధం సార్, నేనే, నేనే రాసినా!" కొండయ్య ప్రిన్సిపాల్ బల్ల దగ్గరికి వచ్చాడు.

"పద్మమ్మగారూ," అన్నాడు జయప్రకాష్ తొందరగా, "చీటీలు ఎవరు రాశారో, అద్దాల సంగతేమిటో మీరే కదా నాకు చెప్పింది. ఆ మాటే ఇక్కడ చెప్పండి."

పద్మమ్మ కూతురి వైపు చూసింది. లూదియా తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు. పద్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకేం గుర్తులేదప్పా."

మహేశ్వర్ విసుగ్గా నిట్టూర్చాడు. "ఇద్దరూ నేనే అంటే నేనేం చేసేది? నేను పోలీసును కాను." తెల్లకాగితాన్ని లూదియా వైపు జరిపాడు. తనకు సంబంధం లేదని తేలింది కదా అనుకుంటూ అజయ్ కుమార్ అప్పటికే బయటికి పోయాడు. వాడినెవరూ ఆపలేదు. ఏమని ఆపుతారు?

లూదియా రాజీనామా రాస్తోంది. అక్షరాలు పొందిగ్గా, తండ్రి నేర్పిన దస్తూరిలో. మానస జయప్రకాష్ వైపు చూసింది. ఏదో ఒకటి చెప్తాడు, ఈయన దగ్గర ఎప్పుడూ ఇంకొక మాట ఉంటుంది. జయప్రకాష్ నేల చూపులు చూస్తున్నాడు. చీటీలు కాలిపోయాయి. సాక్షి మాట మార్చేసింది. ఆయన చేతిలో నిజం తప్ప ఇంకేమీ లేదు.

కొండయ్య వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు డిటెక్టివువి కదప్పా. నేనే చేసినానని నువ్వన్నా రుజువు చెయ్యప్పా."