పైడితల్లి నలభై షేర్లు

మూడోసారి కూడా యంత్రమే గెలిచింది.

శాసనసభ వెనక గుట్ట మీద నిలబెట్టిన గాజు స్తంభంలో రెండు వందల పది దీపాలున్నాయి, సభ్యుడికొకటి చొప్పున. సభ్యుడు షేర్లు కొంటే అతని దీపం నీలంగా, అమ్మితే ఎర్రగా వెలుగుతుంది. కింద పేరు, కంపెనీ, లెక్క కనిపిస్తాయి. ప్రతి సభ్యుడి ఊరి బస్టాండులోనూ అతని దీపానికి నకలు ఒకటి పెట్టారు. ఈ యంత్రానికి మూడో పరీక్షగా ఆ ఉదయం ఒక సీనియర్ సభ్యుడు తన డ్రైవరు బావమరిది పేరు మీద, వేరే రాష్ట్రంలో ఉన్న ఫోన్ నుంచి మూడు షేర్లు కొనిపించాడు. రెండు సెకన్లయినా గడవలేదు. పట్టపగటి ఎండలో, సముద్రం మీది పడవలకు కూడా కనబడేలా, ఆయన దీపం నీలంగా భగ్గుమంది.

సభ్యులు నోళ్లు తెరుచుకుని చూశారు. పైడితల్లికి కళ్లు చెమర్చాయి.

ఆమె గోగువలస ఎమ్మెల్యే. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఆ ఊరి జూట్ మిల్లులో కార్మికురాలు. ఏ కంపెనీకి కాంట్రాక్టు దక్కబోతోందో కమిటీ గదిలో విని, బయటికొచ్చి ఆ కంపెనీ షేర్లే కొనే సభ్యుల్ని చూసి చూసి, ఈ దీపాల చట్టం కోసం నాలుగేళ్లు సభలో ఒంటరిగా పోరాడి సాధించింది. కొన్నవీ అమ్మినవీ ప్రకటించాలని పాత నిబంధన ఒకటుంది. కానీ వివరాలు బయటపడేసరికి నెలన్నర పట్టేది. అప్పటికి తినేవాళ్లు తిని మూతి తుడుచుకునేవాళ్లు.

"పేరు వేరు, ఫోను వేరు. ఎలా పట్టిందమ్మా?" అని అడిగింది, యంత్రాన్ని తయారు చేసిన డాక్టర్ షాహిన్‌ని.

"ఇంట్లో పడుకునే, వాకిట్లో అడుగుల చప్పుడు విని ఎవరొచ్చారో చెప్పేస్తాం కదండీ, అలాగే," అంది షాహిన్. "మనిషి నిర్ణయానికీ ఒక నడక ఉంటుంది. వార్త విన్న ఎంతసేపటికి కదులుతాడు, ఎంత తటపటాయిస్తాడు, ఒకేసారి కొంటాడా, విడతలుగా కొంటాడా. ఎవరి చేత చేయించినా ఆ నడక మారదు. యంత్రం దాన్ని గుర్తుపడుతుంది."

పైడితల్లి ఆ స్తంభానికి రెండు చేతులూ జోడించింది.

ఆమెకూ షేర్లున్నాయి. ఒక ఏడాది బోనస్‌కి బదులు మిల్లు తన షేర్లే కార్మికులకిచ్చింది. ఆమె వంతుకు వచ్చినవి నలభై. చట్టం తెచ్చిన మనిషి దగ్గర అవి మాత్రం ఎందుకని, అక్కడే నిలబడి ఫోన్‌లో అమ్మేసింది. ఆ రోజు స్తంభంలో వెలిగిన మొదటి ఎర్ర దీపం ఆమెదే. ఇక జన్మలో వెలగదులే అనుకుని తేలిక పడింది.

అరగంటకు ఫోన్ మోగింది. మిల్లులో తన పక్క మర మీద పనిచేసిన గౌరమ్మ.

"ఒసే పైడీ, మిల్లు మూసేత్తన్నారా?"

"ఎవరు చెప్పారే?"

"బస్టాండులో పెట్టిన దీపం సెప్పింది. నువ్వు ఉన్నవన్నీ అమ్మేసినావంట గదా. లోపలి సంగతేదో తెలీకుండా అమ్ముతావేటి? మా ఆయన కూడా అమ్మేసినాడు."

సాయంత్రానికి ఊళ్లో ఒక్కరి దగ్గరా మిల్లు షేరు మిగల్లేదు. మర్నాడు గోనెసంచుల వ్యాపారులు ఆర్డర్లు ఆపేశారు. మూడో రోజున రెండు షిఫ్టులు నిలిచిపోయాయి.

పైడితల్లి పరుగున ఊరికెళ్లి బస్టాండులో బల్ల మీద నిలబడి, మిల్లుకేమీ కాలేదని, ఎందుకు అమ్మిందో దాచకుండా చెప్పింది. జనం శ్రద్ధగానే విన్నారు. ఒక ముసలాయన మర్యాదగా అన్నాడు: "నీ మాట అబద్ధమని కాదమ్మా. యంత్రమైతే అబద్ధమాడదు గదా."

ఆమె షాహిన్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. "ఎందుకు అమ్మానో కూడా చూపించేలా చెయ్యమ్మా."

కుదరదంది షాహిన్. "నడకను బట్టి మనిషెవరో చెప్పగలదు. ఎక్కడికి వెళ్తున్నాడో దానికి తెలియదండీ."

"మరి నేనేం చెయ్యను?"

"మీరు మళ్లీ కొంటే, అదీ చూపిస్తుంది."

పైడితల్లికి అది తప్పనిపించింది. కానీ మిల్లు మీద బతికే పదమూడు వందల కుటుంబాలు కళ్ల ముందు మెదిలాయి. ఒక్క మిల్లు షేరు కొంది. కిటికీలోంచి చూస్తుండగానే గుట్ట మీద ఆమె దీపం నీలంగా, నిండుగా వెలిగింది.

గోగువలసలో బస్టాండు దీపం చూసి బస్సుల్లోంచి జనం దూకి పరిగెత్తారట. మధ్యాహ్నానికి అమ్మినవాళ్లంతా తిరిగి కొన్నారు, వ్యాపారులు ఫోన్లు చేశారు. మూడింటికి గౌరమ్మ ఫోన్ చేసి, దాన్ని పైకెత్తి పట్టుకుని, షిఫ్టు మొదలయ్యే మిల్లు సైరన్ మోత వినిపించింది.

పైడితల్లి ఫోన్ పెట్టేసింది. ఇరవై రెండేళ్లు ఎండలో ధర్నాలు చేసి, లాఠీ దెబ్బలు తిన్నా ఒక్క షిఫ్టు పెంచలేకపోయింది. ఇప్పుడు వేలు కదిపితే ఊరు ఊరంతా కదిలింది. ఏ సభ్యుడికీ ఉండకూడదని తను పోరాడిన బలం, ఎవరికీ లేనంతగా తన చేతికొచ్చింది.

"రాజీనామా చేస్తానమ్మా," అంది షాహిన్‌తో.

"చేస్తే మీ దీపం ఆరిపోతుంది. దాన్ని చూసి ఊరు ఏమనుకుంటుందో?"

మర్నాడు పొద్దున్నే పైడితల్లి ఇంటి గేటు దగ్గర వంద మందికి పైగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు, మూతపడబోతున్న రొయ్యల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒక నడివయసు ఆడమనిషి. చేతులకింకా రొయ్యల వాసన పోలేదు. ఆమె పైడితల్లి చెయ్యి పట్టుకుంది.

"మా కంపెనీదీ ఒక్కటి కొనమ్మా."

"దాని సంగతి నాకేం తెలుసని కొనమంటావు తల్లీ?"

"నీకేమీ తెలియక్కర్లేదమ్మా," అంది ఆమె, ఎంతో నమ్మకంగా. "దీపం వెలిగితే సాలు."