సీసాల ఫ్యాక్టరీలో తీసిన పాట

ఆ మూతపడ్డ సీసాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా అంటే ఎంత జీతమిచ్చినా ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. లోపల ఇనప మెట్లున్నాయి. ఒకప్పుడు వాటి కిందే సూపర్‌వైజరొకడు ఓ కూలీని గొలుసుతో కొట్టి చంపాడట. చీకటి పడ్డాక అక్కడ నిలబడితే... ఎవరో మణికట్టు పట్టుకుంటారని చెప్పుకునేవాళ్ళు.

ఇది మా బావ చెప్పగా విన్నది. ఆయన పాటల వీడియోలకి కెమెరామ్యాన్. కోతలు కోసే మనిషి కాదు.

ఒక రాత్రి ఆ మెట్ల కిందే ఓ కుర్ర గాయకుడి పాట తీయాలి. లైట్లకి బావ ఎప్పుడూ పిలిచే పెద్దాయనే వచ్చాడు. ఇరవై ఏళ్ళ స్నేహం. బావ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు.

"ఏరా, దెయ్యానిక్కూడా లైటు పెట్టాలా?" అన్నాడట మెట్లెక్కుతూ.

"పెట్టు బాబాయ్. మొహం బాగుంటే క్లోజప్ తీద్దాం."

పాటని రెట్టింపు వేగంతో వేస్తారు. గాయకుడు ఆ వేగానికే పెదాలు కదుపుతాడు. తర్వాత బొమ్మని సగం వేగానికి తగ్గిస్తే పెదాలు అసలు పాటకి కలుస్తాయి — ఒళ్ళు మాత్రం నీళ్ళలో తేలుతున్నట్టు నెమ్మదిగా కదులుతుంది. అలా తీస్తున్నారు.

మూడో టేకు. పాట ఎలకలా కీచుమంటోంది. పైన ఏదో టక్కున ఊడింది...

లైటు బిగించే ఇనప పట్టీ. తిన్నగా గాయకుడి నెత్తిన పడింది. రక్తం కంట్లోకి కారింది.

"అయ్యో బాబూ, నాదే తప్పు... ఏదీ, చూడనీ—" అంటూ పెద్దాయన పరుగున దిగొచ్చాడు.

గాయకుడు పక్కనున్న స్టాండులోంచి రాడ్డు లాగాడు. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది చెవి మీద. పెద్దాయన కూలిపోయాడు.

బావ నడుస్తున్న కెమెరా అలాగే వదిలేసి ఉరికాడు. వైర్లు కాళ్ళకి చుట్టుకుని బోర్లా పడ్డాడు. ఇంకో దెబ్బ... ఇంకోటి... దవడ విరిగిన చప్పుడు, ఆ కీచు పాటలోంచి కూడా వినపడిందట.

చివరికి లేచి, వాణ్ణి నడుం పట్టి అవతలికి విసిరేశాడు.

గాయకుడు తన చెయ్యి వైపే చూసుకుంటున్నాడు.

"నేను కాదన్నా... ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. వాడే కొట్టించాడు... ఒట్టు!"

చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. మణికట్టు చుట్టూ వేళ్ళ గుర్తులు... నల్లగా కమిలిపోయి.

అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. నమ్మేశారు. బావా నమ్మాడు. ఆ చోటికున్న పేరే అది కదా. స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కూడా ఆ గుర్తులు చూసి తల గోక్కున్నాడు.

పది రోజులైంది. ఆస్పత్రిలో పెద్దాయన దవడకి తీగలు కట్టారు. మాట లేదు, ఒక చెవి పోయింది.

వరండాలో ఆయన భార్య బావని నిలదీసింది. "నువ్వక్కడే ఉన్నావు కదరా. మీ బాబాయ్‌ని కొట్టిందెవరు?"

"పిన్నీ... అదీ..."

"మనిషా, దెయ్యమా? ఏదో ఒకటి చెప్పు!"

ఆ మొహం చూస్తూ దెయ్యమని చెప్పడానికి బావకి నోరు రాలేదు. కెమెరా ఆపకుండా పరిగెత్తిన సంగతి అప్పుడు తట్టింది. భయంతో అన్నాళ్ళూ దాన్ని ముట్టుకోలేదు. ఆ రాత్రే ఇంట్లో తలుపేసుకుని, మూడో టేకు సగం వేగంతో చూశాడు. తెల్లారేసరికి స్టేషన్లో ఇచ్చాడు. అది చూశాక గాయకుడు మళ్ళీ దెయ్యం పేరెత్తలేదు. నేరం ఒప్పుకుని సంతకం పెట్టాడు.

అందులో ఉన్నదిదీ—

రాడ్డు నెమ్మదిగా లేస్తోంది. రక్తపు చుక్కలు గాల్లో తేలుతున్నాయి. పక్కన... మూడో మనిషి. చినిగిన చొక్కా, వీపంతా గొలుసు వాతలు, ఒకవైపు నలిగిపోయిన తల. అందరూ తేలుతుంటే వాడొక్కడే మామూలుగా, మనలా కదులుతున్నాడు. అంటే ఆ రాత్రి వాడు ఎవరి కంటా పడకుండా, అందరికంటే రెట్టింపు వేగంతో కదిలాడన్నమాట.

రెండు చేతులతో గాయకుడి మణికట్టు పట్టుకున్నాడు. మడమలు నేలకి తన్ని పెట్టి...

వెనక్కి లాగుతున్నాడు.

రాడ్డు దిగిన ప్రతిసారీ వాడూ దాంతోపాటే ముందుకి జారిపోతున్నాడు. ఆఖరికి ఆ చెయ్యి వదిలేసి, బాబాయ్ మీద అడ్డంగా పడి, చేతులతో తన తల కప్పుకున్నాడు.