పసుపు సబ్బుపెట్టె

ఎర్రమిట్టలో పొద్దున్నే కాఫీ కంటే ముందు తప్పుల పుస్తకం వినిపిస్తారు.

అంగారకుడి మీద మూడు వేల మంది ఉండే ఆ స్థావరంలో ప్రతి నడవలోనూ ఒక స్పీకరు ఉంది. సరిగ్గా ఆరున్నరకి అందులోంచి ఒక గొంతు నిన్నటి తప్పులన్నీ వరసగా చదువుతుంది. "నాలుగో నడవ తలుపు. అర నిమిషం సరిగా మూసుకోలేదు. చేసినవారు, సుదర్శనం. చూసినవారు, ఎవరూ లేరు." సుదర్శనం ఆ పూటకి తల దించుకుని ఇడ్లీ తింటాడు. పక్కవాళ్లు నాలుగు మాటలనుకుని నవ్వుకుంటారు. అంతటితో సరి.

కిటికీ తెరిస్తే గాలి వచ్చే ఊరు కాదది. పీల్చే గాలంతా గొట్టాల్లోంచే రావాలి. ఎవరైనా సిగ్గుపడి చిన్న లోపాన్ని దాచుకుంటే పొద్దున్నకి ఒక నడవ నడవంతా చచ్చి ఉంటుంది. అందుకని మొదట వచ్చిన నూట నలభై మందీ కూర్చుని ఒక నియమం పెట్టుకున్నారు. తప్పు చేసినవాళ్లు రాయాలి, చూసినవాళ్లూ రాయాలి. రాసిన తప్పుకి శిక్ష లేదు. దాచిన తప్పు బయటపడితే మాత్రం పదవి తీసేసి ఏడాది పాటు నాచు పెంచే తొట్లలో పనికి వేస్తారు. ఎప్పుడూ నాచు తొట్లలోనే పనిచేసేవాళ్లకి ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది, అది వేరే సంగతి.

ఆ పుస్తకంలో యంత్రశాల అధిపతి వకుళ పేరు ముప్ఫై ఏడు సార్లుంది. పగలగొట్టిన గాజు సీసాల దగ్గర్నుంచి పొరపాటున ఆపేసిన పంకా దాకా అన్నీ రాసింది. ఒక్కటి రాయలేదు. దాన్ని తలుచుకున్నప్పుడల్లా, అరవై మూడేళ్ల వయసులో కూడా, ఆమెకి చెవులు వేడెక్కేవి.

వకుళ గొప్పతనం గురించి ముందు చెప్పాలి. ఎర్రమిట్టలో చేతులకి పని తక్కువ. నుదుటికి కట్టుకునే తలపట్టీ మనసులో మాట పట్టుకుని తలుపు తీస్తుంది, కూర కలుపుతుంది, మర బిగిస్తుంది. పడుచువాళ్లలో సూదిలో దారం ఎక్కించగలిగేవాళ్లు పది మంది ఉంటే ఎక్కువ. ఒకసారి దుమ్ము తుఫానులో తలపట్టీలు మొరాయిస్తే, గాలి గొట్టం మీది వాల్వును చేత్తో తిప్పడం తెలిసినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. ఇద్దరు పోయారు. ఆ తర్వాత పదకొండేళ్లు కష్టపడి వకుళ ఒక యంత్రం తయారుచేసింది. కాగితాల మీద దాని పేరు హ్యాప్టిక్ ట్రేస్ రీడర్. జనం మాత్రం చేతిజాడ అంటారు.

మనిషి చేయి తగిలిన ప్రతి వస్తువూ కొద్దికొద్దిగా అరుగుతుంది. ఆ అరుగుదలను చేతిజాడ వెంట్రుకలో వెయ్యో వంతు మందం పొరలుగా చదువుతుంది. వేలు ఎంత బలంగా ఆనింది, ఏ కోణంలో ఆనింది, రెండు నొక్కుల మధ్య రబ్బరు ఎంత తేరుకుంది, ఇవన్నీ లెక్కగట్టి కృత్రిమ వేళ్లతో అదే పనిని మళ్లీ చేసి చూపిస్తుంది. ఎప్పుడో చనిపోయిన ఫిట్టరు స్పానరు ఇస్తే, ఆయన వాల్వు బిగించిన తీరు అలాగే కళ్ల ముందుకొస్తుంది. దాన్ని చూసి రెండు వందల మంది పడుచువాళ్లు చేతిపని నేర్చుకున్నారు. అందుకే స్థావరం యాభయ్యో వార్షికోత్సవంలో వకుళను సత్కరించాలనుకున్నారు. ఆమె సంతోషిస్తుందనుకుని, చేతిజాడ మహిమను ఏ వస్తువు మీద ప్రదర్శించాలో కూడా వాళ్లే నిర్ణయించారు. మ్యూజియంలోని పాత గేమ్ కన్సోల్.

నలభై ఒక్కేళ్ల కిందట వకుళా, హైమవతీ ఒకే గదిలో ఉండేవారు. ఇద్దరిదీ ఒకే దువ్వెన. భూమి నుంచి వచ్చే ఓడలో ఆటవస్తువులకి చోటుండేది కాదు. అమ్మమ్మల కాలం వీడియో గేముల గురించి విని, అలాంటిది తామే చేసుకుందామనుకున్నారు. సొట్టపడిన టిఫిన్ డబ్బాలో చెడిపోయిన గాలిమీటరు బోర్డు బిగించారు. పాత స్పేస్‌సూటు మోకాలి రబ్బరు కోసి బటన్లు చేశారు. రెండు సబ్బుపెట్టెలు కంట్రోలర్లయ్యాయి. నీలంది వకుళకి, పసుపుది హైమకి. ఆట పేరు గుంతల పరుగు. తెర మీద రెండు బండ్లు పరిగెడతాయి, దారిలో నలభై గుంతలు. అంచు దగ్గర సరిగ్గా బటన్ నొక్కితే బండి గెంతుతుంది. ముందు నొక్కినా, ఆలస్యమైనా గుంతలో పడుతుంది. పడిన బండి మళ్లీ పైకొస్తుంది కానీ వెనకబడుతుంది, ఆఖరి గుంతలో పడితే మాత్రం ఇక లేవదు. గుంతలెప్పుడూ ఒకే వరసలో వచ్చేవి, మార్చేంత మెమరీ ఆ బోర్డులో లేదు.

అదే ఏడాది యంత్రశాలలో ఒక్క ఖాళీ వచ్చింది. ఇద్దరికీ సమానంగా మార్కులు. పెద్దలు తేల్చలేక, "ఒకరు యంత్రశాల, ఒకరు నాచు తొట్లు. మీలో మీరే అనుకోండి" అన్నారు. ఆట ఆడి తేల్చుకుందామంది హైమ. ఆమె వేళ్లు చురుకైనవి, పదాటల్లో ఏడు తనే గెలిచేది. వకుళ సరేనంది. ఆటకి ముందు సెటప్ సరిచూసే పని ఎప్పుడూ వకుళదే.

రబ్బరు బటన్ నొక్కగానే లోపలి కార్బన్ బిళ్ల ఒక్కసారిగా అతుక్కోదు, కొన్ని మిల్లీసెకన్లు తడబడుతుంది. ఆ తడబాటు తగ్గేదాకా యంత్రం ఆగాలి, లేకపోతే ఒక్క నొక్కుని అయిదనుకుంటుంది. దీన్ని డీబౌన్స్ టైమ్ అంటారు. వాళ్లిద్దరూ కుదుపు విరామం అనేవారు. సెటప్ ఫైలులో రెండు సాకెట్లకీ అయిదు మిల్లీసెకన్లని రాసి ఉండేది. ఆ ఉదయం వకుళ, హైమ పెట్టె తగిలించే రెండో సాకెట్టు ఎదుట అయిదు చెరిపి తొంభై రాసింది. రెప్పపాటులో మూడో వంతు కూడా కాదది.

మొదటి రెండు గుంతల్లోనూ హైమ బండి పడింది. ఆ తర్వాత ఎలాగో పుంజుకుని ముందుకెళ్లింది. ఆఖరి గుంతలో మళ్లీ పడింది. వకుళ గెలిచింది. సాయంత్రం ఆ అంకె మార్చేద్దామనుకుంది. కానీ చూడ్డానికొచ్చిన పెద్దలు ముచ్చటపడి, ఎర్రమిట్టలో తయారైన మొదటి ఆటబొమ్మ అంటూ డబ్బాను అప్పటికప్పుడే గాజుపెట్టెలో పెట్టించి, గాలి తీయించి, తాళం వేయించారు. అప్పట్నుంచి వకుళ తన వాటా తోటలో తొలి కాపు టమాటాలు ప్రతి ఏడాదీ హైమకే పంపేది. ఎంత స్నేహమో అని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలు ఆమెకి మింగుడుపడేది కాదు.

ఉత్సవానికి ముందు రోజు కన్సోల్‌ను యంత్రశాలకి తెచ్చారు. ఎవరూ తాకకముందే బటన్ల మీది అరుగుదలను చేతిజాడ చదివి దాచుకుంది. దాన్ని పరీక్షించింది ఇలియాస్. ముప్ఫై ఆరేళ్ల శాస్త్రవేత్త, పదేళ్లుగా వకుళ దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఏ లోపాన్నీ సగంలో వదలడు.

"మేడం, పసుపు కంట్రోలర్ ఆలస్యంగా పలుకుతోంది" అన్నాడు.

"పాత రబ్బరు కదా. కార్బన్ మీద మురికి ఉంటుంది. స్పిరిట్ పెట్టి తుడువు."

తుడిచాడు, పోలేదు. వైరు మార్చాడు, పోలేదు. చివరికి పసుపు పెట్టెను మొదటి సాకెట్టులో, నీలంది రెండో సాకెట్టులో పెట్టి చూశాడు.

"ఇప్పుడు నీలంది ఆలస్యం, పసుపుది బాగుంది. అంటే కంట్రోలర్ల తప్పు కాదండి. రెండో సాకెట్టులో ఉంది తేడా."

"తుప్పు పట్టిందేమో."

"గాజుపెట్టెలో గాలే లేదు కదా మేడం, తుప్పెలా పడుతుంది?"

ఆ మాటకి వకుళకి నేలలోకి కుంగిపోవాలనిపించింది. తుప్పు సంగతి అతనికి నేర్పిందే తను.

"సెటప్ ఫైలు చూస్తానండి" అన్నాడు ఇలియాస్. వద్దని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. చూడమనడానికీ రాలేదు. తలనొప్పిగా ఉందని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆరున్నరకి స్పీకరు విన్నది. కన్సోల్ ఊసే లేదు. యంత్రశాలలో ఇలియాస్ ఆమె కళ్లలోకి చూడకుండా, "సరైపోయిందండి. సాకెట్టే" అన్నాడు. అతను అబద్ధమాడటం వకుళ ఎప్పుడూ చూడలేదు. అయినా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. బరువు దిగినందుకే మళ్లీ సిగ్గేసింది.

పది గంటలకి సభ. ముందు వరసలో హైమ కూర్చుంది. నాచు రంగు పట్టేసి గోళ్లు ఎప్పటికీ పచ్చగానే ఉండే చేతులు ఒళ్లో పెట్టుకుంది. వేదిక మీద రెండు సబ్బుపెట్టెలు, వాటి మీద రెండు జతల కృత్రిమ వేళ్లు. డబ్బాను మళ్లీ ఎవరూ ఆడలేదు కాబట్టి రబ్బరు మీద అన్నిటికంటే పై పొర ఆ రోజు ఆటదే. అదే ఆటను ఇప్పుడు అందరూ చూడబోతున్నారని ఇలియాస్ ప్రకటించాడు.

బండ్లు కదిలాయి. నీలం పెట్టె మీది వేళ్లు ఎప్పటిలాగే జాగ్రత్తగా నొక్కాయి. పసుపు పెట్టె మీది వేళ్లు మొదటి రెండు గుంతలూ అలవోకగా దాటించాయి. మూడో గుంతకి బండి అంచు చేరకముందే గెంతి లోపల పడింది. నాలుగో గుంతకీ అంతే, అయిదో గుంతకీ అంతే. వరసగా పడుతూనే ఉంది. సభలో ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు.

"మరీ ఇంత చెత్తగా ఆడావా పిన్నీ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

హైమ తన పచ్చ గోళ్లను కొంగులో దాచుకుంది.

ఇలియాస్ మొహం పాలిపోయింది. ఎందుకిలా అయిందో అతనికి తెలియదు కానీ వకుళకి ఒక్క క్షణంలో అర్థమైంది. తనను కాపాడటానికి ఇలియాస్ తొంభైని అయిదు చేశాడు. అయిదు చేస్తే హైమ వేళ్లు తొందరపడ్డాయి. అంటే ఆ రోజు హైమ కావాలనే ముందు నొక్కింది. రెండు గుంతల్లో పడగానే తేడా పట్టుకుని, మూడో గుంత నుంచి ఆ ఆలస్యాన్ని కలుపుకుని ఆడింది. అంటే హైమకి తెలుసు. నలభై ఒక్కేళ్లుగా తెలుసు. టమాటాల బుట్ట అందుకున్న ప్రతిసారీ తెలుసు.

ఊరుకుంటే పోయేది. జనం నవ్వుకుని మర్చిపోయేవారు. మచ్చ హైమ చేతుల మీద ఉండిపోయేది.

"ఆపు ఇలియాస్" అంది వకుళ. "రెండో సాకెట్టుకి మళ్లీ తొంభై పెట్టు."

"మేడం, అది..."

"తొంభై పెట్టు. ఆ అంకె నాదే. ఆట రోజు పొద్దున నేనే పెట్టాను."

ఇలియాస్ అంకె మార్చాడు. ఆట మళ్లీ మొదలైంది. పసుపు బండి మొదటి రెండు గుంతల్లో పడింది. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. ఆఖరి గుంతకి వచ్చేసరికి నీలం బండి చాలా వెనక ఉంది. అక్కడ పసుపు పెట్టె మీది వేలు ఆగిపోయింది. బటన్ మీద ఆని ఉంది, నొక్కలేదు. బండి గుంతలో పడి, అందులోనే ఉండిపోయింది. నీలం బండి దాన్ని దాటుకుని వెళ్లింది.

"వేలు ఇరుక్కుందా?" అన్నాడు ఇలియాస్ అలవాటు కొద్దీ.

"ఇరుక్కోలేదు బాబూ" అంటూ హైమ లేచి వేదిక దగ్గరికొచ్చింది. "నేనే నొక్కలేదు."

"ఎందుకే?" అంది వకుళ. అంతమంది ముందు తల ఎత్తలేకపోయింది.

"కోపమొచ్చింది. దీనికోసం ఇంతకి దిగజారావు కదా, తీసుకుపో అనుకున్నా. వారంలో వచ్చి చెప్తావనుకున్నా. చెప్పలేదు."

"చెప్పాలనే..."

"నన్ను చెప్పనీ. పుస్తకంలో నేనైనా రాయాల్సింది, చూసినదాన్ని కదా. రాయలేదు. ఎందుకంటే నన్ను చూసినప్పుడల్లా నీ మొహం అలా చిన్నబోతుంటే నాకు బాగుండేది వకుళా. నిజం. ఏడాదికోసారి నువ్వు బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడితే, రాయడం కంటే అదే నయమనిపించేది. తెలిసే తిన్నాను ఆ టమాటాలు. నువ్వు ఒక్క పొద్దున చేశావు, నేను నలభై ఏళ్లు చేశాను."

తను దొంగలా బతికిన ఇన్నేళ్లూ ఒక సాక్షి ఆ దొంగతనాన్ని తీరిగ్గా రుచి చూస్తూ కూర్చుందని తెలిస్తే వకుళకి కోపం రావాలి. రాలేదు. ఇద్దరి తరఫునా సిగ్గేసింది, అంతే.

ఇలియాస్ తప్పుల పుస్తకం తెచ్చాడు. వకుళ అందులో లోపం వివరం, తేదీ రాసి, చేసినవారు అన్న చోట తన పేరు రాసింది. చూసినవారు అన్న చోట హైమ తన పేరు రాసింది. తర్వాత కలం తీసుకుని, ఎవరూ అడగకుండానే, హైమ పేరు కింద ఇలియాస్ తన పేరు రాశాడు. అతను దాచింది ఒక్క రోజే కాబట్టి పెద్దలు మందలించి వదిలేశారు. హైమ సంగతి తేల్చడం కష్టమైంది. పదవి తీసేద్దామంటే ఆమెకి పదవి లేదు, నాచు తొట్లకి పంపుదామంటే ఎప్పట్నుంచో అక్కడే ఉంది. ఆ మాట పైకి అనేసరికి పెద్దలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

వకుళ ఆ నెలలోనే తొట్లలో పనికి చేరింది. అక్కడి తడికి తలపట్టీలు పనిచేయవు, అన్నీ చేత్తోనే. హైమ ఆమెను ఒక పెద్ద తొట్టి దగ్గర నిలబెట్టి, గోడకున్న నీళ్లు ఆపే మీట చూపించింది.

"నీళ్లు అంచుకొచ్చేసరికి ఇది నొక్కాలి. కానీ నొక్కగానే పలకదు, ఆలస్యం చేస్తుంది. కాస్త ముందే నొక్కాలి."

"ఎంత ముందు?"

"నన్నడిగితే ఏం చెప్పను? నాకెప్పుడో అలవాటైపోయింది."

వకుళ కళ్లు పెద్దవి చేసుకుని నీళ్లనే చూసింది. అంచు చేరాక నొక్కింది. పచ్చటి నీళ్లు పొర్లి ఇద్దరి పాదాల మీదా పడ్డాయి. హైమ తిట్టలేదు. మేకుకి వేలాడుతున్న పుస్తకం తీసి, కలంతో సహా ఆమె చేతిలో పెట్టింది. వకుళ రాసి తిరిగి ఇచ్చింది. చూసినవారు అన్న చోట హైమ తన పేరు రాసుకుంది.