జనపతాడు కట్టిన మోపు

1972. బోధన్ శివారులోని రహస్య ప్రయోగశాల. కాపలాదారు లింబయ్య గుండెలో తూటా దిగింది. సైరన్ మాత్రం మోగలేదు.

"ఆపరేషన్ పేరు మౌనం," నిజామాబాద్ బంగళాలో చీఫ్ రాజనర్సు మొదలుపెట్టాడు. "కణంలకు వైరస్ సొరబడితే కణం పసిగడ్తది. ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ పంపి పక్క కణాలను హుషారు చేస్తది. పదిహేనేండ్ల కింద కనిపెట్టిండ్రు. ఆ అలారం ఆగకుంటే ఒళ్లే ఖరాబైతది. అందుకే కణం తనకు తానే బ్రేకు ఏస్కుంటది. ల్యాబుల నుంచి ఎత్కపోయిన ట్యూబుల ఉన్న వైరస్ ఆ బ్రేకునే తొక్కుతది. జ్వరం రాదు. మనిషి సస్తడు. అది విదేశీ ముఠాకు దొరికితే ఊర్లకూర్లు ఖాళీ." ఎదురుగా కూర్చున్న ఏజెంట్ వైపు తిరిగాడు. "మన సైరన్ బ్రేకు ఎవలు తొక్కిండ్రు రాజారాం?"

ఏజెంట్ రాజారామే సైరన్ ఆపే తాళంచెవిని ప్రయోగశాల డాక్టర్ శ్యామలకు ఇచ్చాడు. వచ్చే నెల వాళ్లిద్దరి పెళ్లి. ఆమెను అనుమానించడం అతడికి చేతకాలేదు.

పోలీసులు ప్రతి వాహనాన్నీ సోదా చేస్తున్నారు, చెరుకు బండ్లను తప్ప. అందుకే రాజారాం తలకు రుమాలు చుట్టి, బోధన్ షుగర్ ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన బండ్ల వెంట నడిచాడు. పక్కనే ఎడపల్లిలో పుట్టినవాడు. అక్కడ కోతవాళ్లు మోపును చెరుకాకుతోనే కడతారు. ఒక బండిలో ఒక్క మోపుకు మాత్రం జనపతాడు ఉంది.

"గీ మోపు ఎవలు కట్టిండ్రే?"

"డాక్టరమ్మ," అన్నాడు బండి తోలే భూమన్న. "లోపట మందుసీసా ఉన్నదట. గేటు కాడ ఓ సారు తీస్కపోతడట."

రాజారాం తాడు కోశాడు. థర్మాస్. మూత తీస్తే మంచు ముక్కల మధ్య గాజు ట్యూబు. చేతిలోకి తీసుకున్నాడు.

"అది నాకియ్యి, రాజా."

నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర, చేతిసంచి చాటున పిస్తోలు. శ్యామల.

"లింబయ్య నిన్ను బిడ్డా అని పిలిచేటోడు," అన్నాడు.

"తాళంచెవి అడిగితే ఎందుకని నువ్వు అడగలే. అందుకే నిన్ను ఎంచుకున్న."

గేటు దగ్గర జీపు హారన్ వినిపించింది. ఆమె చూపు ఒక్క క్షణం అటు తిరిగింది. పక్కనే చాయ్ దుకాణం పొయ్యి మీద డేగిషాలో నీళ్లు మసులుతున్నాయి. రాజారాం ట్యూబును అందులో పడేశాడు. గాజు పగిలినా పగలకున్నా వైరస్ ఉడికి చావాల్సిందే. ఆమె పేల్చిన తూటా చెరుకుల్లో దూరింది. రెండోది పేలేలోపు అతడు ఆమె మణికట్టు మెలితిప్పాడు.

ట్యూబు కోసం వచ్చిన ముఠా జీపు ఆమె కోసం ఆగలేదు.

పోలీసులు ఆమెకు బేడీలు వేశాక, చాయ్‌వాలా డేగిషా వైపు చూశాడు. "అన్నా, గీ నీళ్లతోని చాయ్ పెట్టొచ్చా?"

"పారబొయ్యి," అన్నాడు రాజారాం. "ఆమెను నమ్మి, ఆమె చేతి చాయ్ ఇప్పటికే శాన తాగిన."