ఆరా విన్న గొంతు

పిల్లలూ, మీరు చంద్రుడి మీద పుట్టినవాళ్ళు. మన కాలనీకి ఇప్పుడు సొంత వైద్యకేంద్రం ఉంది. ఒకప్పుడు మనసు బాగోలేని పిల్లలను భూమికి పంపేవాళ్ళని మీకెవరూ చెప్పి ఉండరు. ధృతి కథ అప్పటిది.

ధృతికి పదిహేనేళ్ళు. బడి మానేసింది. ఒకరోజు ఎయిర్‌లాక్ తలుపు దగ్గర, స్పేస్‌సూట్ లేకుండా, నిలబడి కనిపించింది. ఆ తలుపు అవతల గాలి లేదు. "ఊరికే చూస్తున్నా," అంది. ఆ మాట విన్నప్పటినుంచి వాళ్ళమ్మ రత్నావళికి అన్నం సహించలేదు.

ఇలాంటి పిల్లలు అక్కడే ఉండి, చదువుకుంటూ చికిత్స తీసుకునే కేంద్రాలు భూమి మీద రెండు వందల నలభై ఉన్నాయి. రత్నావళి ఒక్కొక్కదానికీ ఫోన్ చేసింది. ఏదీ తేల్చుకోలేక, చివరికి కూతుర్ని డాక్టర్ కామేశం ల్యాబ్‌కి తీసుకొచ్చింది.

ఆయన తయారుచేసిన మెషీన్ పేరు ఆరా. ప్రతి కేంద్రమూ తన వంటగదిలో, వరండాలో ఒక పూట వినిపించిన శబ్దాలను రికార్డ్ చేసి దానికి పంపేది. ఆరా వాటిని పిల్లలకు వినిపించి, మణికట్టు బ్యాండ్‌తో గుండె వేగం చూసేది. ఏ చోటి శబ్దానికి గుండె కుదుటపడితే ఆ చోటు పేరు చెప్పేది.

"నోటితో బాగున్నానని చెప్పేయొచ్చమ్మా. నాడితో కుదరదు," అన్నారు కామేశం.

"నా నాడికి మా అమ్మ ముందే అన్నీ నేర్పించి తెచ్చుంటుంది లెండి," అంది ధృతి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటూ.

నూట డెబ్భై రెండు కేంద్రాల దాకా స్క్రీన్ మీద గీత ఎగిరిపడుతూనే ఉంది. నూట డెబ్భై మూడో దాని దగ్గర నెమ్మదించింది. ధృతి కళ్ళు మూసుకుంది.

"దొరికింది! అరకు దగ్గర, కొండ మీద," అన్నారు కామేశం. "ఏం వినిపించిందమ్మా? పిట్టలా? వానా?"

ధృతి హెడ్‌ఫోన్స్ తీసి తల్లి చేతిలో పెట్టింది.

రత్నావళి విన్నది. గిన్నెల చప్పుడు. దాని వెనక స్పీకర్ ఫోన్‌లో ఎవరో ఆడమనిషి. "పెరుగు పుల్లగా ఉంటే ముట్టదండీ... నిద్రలో దుప్పటి తన్నేస్తుంది, కప్పేవాళ్ళు ఉంటారా? తిన్నావా అంటే విసుక్కుంటుంది. అయినా అడుగుతారా?"

అది తన గొంతే. ఆ కేంద్రానికి ఫోన్ చేసిన పూటే వాళ్ళు రికార్డ్ చేసినట్టున్నారు.

"ఇంట్లో ఒక్కటీ అడగవేం?" అంది ధృతి. "ఆర్నెల్లయింది, తిన్నావా అన్న మాటే లేదు."

"కౌన్సెలర్ గారు ప్రశ్నలు వేయొద్దన్నారు కదే. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి కూడా అంటించుకున్నాను..."

"ఆవిడ గుచ్చి గుచ్చి అడగొద్దంది. తిన్నావా అనేది కూడా ప్రశ్నేనా అమ్మా?"

రత్నావళి కామేశం వైపు తిరిగింది. "అయితే పంపక్కర్లేదేమో కదండీ? నేనే ఇంట్లో..."

ఆయన లిస్టు కేసి చూశారు. అందులో ఇల్లు లేదు. చేర్చాలని ఆయనకెప్పుడూ తోచలేదు.

"ఇల్లు కూడా పెట్టి ఉంటే ఆరా ఏమనేదో నాకు తెలీదమ్మా. కానీ ఆ తలుపు సంగతి మర్చిపోకండి. అడగడం ఒక్కటే సరిపోదు."

"వెళ్తానమ్మా," అంది ధృతి. "నిజంగానే బాలేదు నాకు."

ఏడాదిన్నర ఉంది అక్కడ. రోజూ భోజనాల వేళకి ఆ వంటగదిలో ఫోన్ మోగేది. చంద్రుడి నుంచి మాట వెళ్ళి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు. "తిన్నావా?" అని అడిగి, ఆ రెండున్నర సెకన్లూ రత్నావళి ధృతి మంచం మీద కూర్చుని, మడతపెట్టిన దుప్పటిని నిమురుతూ ఉండేది. పక్క గదిలోకి అడగలేకపోయిన మాటను దాదాపు నాలుగు లక్షల కిలోమీటర్ల అవతలికి అడిగింది.

కుదుటపడి ధృతి తిరిగొచ్చింది. ఆ రోజు ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాట రాలేదు. ధృతి లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రత్నావళి బిక్కుబిక్కుమంటూ వంటింట్లో నిలబడింది. ఇంతలో ఫోన్ మోగింది. ఎత్తింది.

"అమ్మా," అంది పక్క గదిలోంచి ధృతి. "ఇవాళ ఇంకా అడగలేదు నువ్వు."

మీ తర్వాత పుట్టేవాళ్ళకు ఈ కథ మీరే చెప్పండి. మెషీన్ పేరు మర్చిపోయినా ఫరవాలేదు. కథలో ఆ దుప్పటి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం తొందరపడకండి.