ఏడో బావి వరుస

తొమ్మిదింటికి నీటి కార్యాలయం కంప్యూటర్లో నిండుపట్టిక తెరిచి, కనకవల్లి ఉప్పు అంకెలను పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేర్చింది. గవ్వలంక దీవిలో నలభై బావులు, పట్టికలో నలభై వరుసలు. ఉప్పు ఆరు దాటిన బావికి మంచినీటి తూము దానంతటదే తెరుచుకుంటుంది. కొలత రాని గడిని వెనకటి రోజుల సగటుతో పూరణి అనే ప్రోగ్రాం నింపుతుంది. పదేళ్లుగా అందులో ఒక్క గడీ ఖాళీగా లేదు.

నిన్న అమావాస్య. సముద్రం పోటుకు బావులన్నిట్లో ఉప్పు పెరిగింది. ఏడో బావి ఒక్కటే అట్టడుగున, మూడు దగ్గర నిలిచింది. నీళ్లు నోట పెట్టలేకపోతున్నామని అక్కడివాళ్లు పొద్దున్నే రెండుసార్లు చెప్పుకున్నారు. పట్టికలో మూడే ఉందని కార్యాలయం వాళ్లను తిప్పి పంపింది.

ఆ బావి కొలిచేవాడు పైడిరాజు. నీళ్లు నాలుక మీద వేసుకున్నాకే పరికరం ముంచేవాడు. నా నాలుక చెప్పాక నీ గడి రాసుకుంటుందమ్మా అని కనకవల్లిని ఆటపట్టించేవాడు. అతను పోయి పదహారు రోజులు. పెద్దకర్మకు ఆమె వెళ్లొచ్చింది. అయినా రోజూ ఆరింటికి అతని పేరు మీదే అంకె పడుతోంది. ఆమె చూస్తూనే ఉంది. ఆ పేరు తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

పర్యవేక్షకుడు రామభద్రయ్యకు విషయం చెప్పింది. కొత్త మనిషిని వేసేదాకా పూరణి చాలునన్నాడాయన. గడి ఖాళీ అయితే ఆ రోజు మొత్తం తేలదని, అది తేలకపోతే దీవి అంతటా తూములు మూతపడతాయని గుర్తుచేశాడు.

"మూడు ఉండనియ్యి తల్లీ. ఎవరడుగుతారు?"

"అడిగారుగదండీ. పొద్దున్నే."

పూరణిని ఆపి, ఆమె ఏడో బావి వరుసలో అది నింపిన పదహారు గడులూ ఎంచుకుని తుడిచేసింది. కింద ఆ రోజు మొత్తం గడి ఖాళీ అయింది. గోడమీది తూముల దీపాలు ఒక్కొక్కటే ఆరుతూ, తెరిచి ఉన్న తూములన్నీ మూసుకున్నాయి. ఫోన్లు మోగుతుంటే రామభద్రయ్య ఆమె వంక చూశాడు. తిరిగొచ్చేదాకా ఏ అంకే వెయ్యొద్దని చెప్పి, పరికరం సంచీ భుజాన వేసుకుని ఆమె పడవ ఎక్కింది.

ఏడో బావి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు దారిచ్చారు. కనకవల్లి చేదతో నీళ్లు తోడి ముందు నాలుక మీద చుక్క వేసుకుంది. తర్వాతే పరికరం ముంచింది. పదకొండు.

చేతిపలక తెర మీద పట్టిక తెరిచి ఆ అంకె వేసింది. కొలిచినవారు అన్నచోట పైడిరాజు పేరు ఇంకా ఉంది. దాన్ని తుడిచి, తన పేరు రాసింది.